కూకా అమ్మమ్మ కనుమ దాటిన ఏడు

మా ఓకోతాల్‌లో పిల్లలు నడక రెండుసార్లు నేర్చుకుంటారు. మొదటిసారి తల్లి దగ్గర. రెండోసారి కూకా అమ్మమ్మ దగ్గర.

ఆమె అసలు పేరు రెఫూహియో. చర్చి ఫాదరు తప్ప ఆ పేరు ఎవరూ పలకరు. మొక్కజొన్న కోతలు అయిపోయి చేలల్లో మోళ్ళు మాత్రమే మిగిలిన రోజుల్లో, ఆమె తెల్లవారుతూనే శాలువా తలమీదుగా కప్పుకుని ఇంటి ముందు నిలబడేది. ఎవరినీ పిలిచేది కాదు. ఆ ఏడు తాతతోనో నానమ్మతోనో అమ్మానాన్నలతోనో చాల్మాకి నడవబోయే పిల్లలు పొగమంచులోంచి ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన నిలబడేవాళ్ళు. ముందు కాళ్ళు కనిపించేవి. తర్వాత ముఖాలు. నేనూ ఒకప్పుడు అలా వచ్చి నిలబడినదాన్నే.

చాల్మా స్వామి, అంటే సిలువమీది క్రీస్తు, కొండల సందులోని గుడిలో ఉంటాడు. క్రిస్మస్ వెనకే వచ్చే ముగ్గురు రాజుల పండగకి ఊరంతా కలిసి వెళ్తాం. దారి దేవదారు అడవిలోంచి పైకి ఎక్కి, కనుమ మీది సిలువను దాటి, అవతలి లోయలోకి దిగుతుంది. మధ్యలో ఒక నిద్ర. ఇప్పుడు బస్సులున్నాయి. మేం నడుస్తాం.

కొత్త తోలుచెప్పుల్ని ఆమె నీళ్ళలో నానబెట్టించేది. తడిగా ఉండగానే తొడిగించి, అవి కాలిమీద ఆరేదాకా మోళ్ళ చేలో తిప్పేది. "చెప్పు నీ కాలిని గుర్తుపెట్టుకోవాలి. ఎండిపోయాక ఎంత చెప్పినా వినదు," అనేది. మడమలకి గొర్రె కొవ్వు రాయించేది. గట్టి నేలమీద చాప పరిచి, పెద్దవాళ్ళ గురకల మధ్య నిద్రపోవడం నేర్పేది. దీనికోసం యాత్రలో ఊరి జెండా మోసే త్రాంకిలీనో బాబాయి మధ్యాహ్నం పూట వచ్చి పిల్లల నడుమ పడుకునేవాడు.

"ఊఁ, గురకపెట్టు," అనేది కూకా అమ్మమ్మ.

"నిద్ర రాకుండా గురకెలా వస్తుంది వదినా?"

"మీ ఆవిడని అడుగు. మెలకువగా ఉన్నా పెడతావంటుంది."

పిల్లలు నవ్వి నవ్వి అలిసిపోయి నిజంగానే నిద్రపోయేవాళ్ళు. ఆయనా నిద్రపోయేవాడు.

"తాత మిమ్మల్ని తీసుకెళ్తున్నాడనుకుంటున్నారా? మీరే తాతని తీసుకెళ్తున్నారు," అనేది ఆమె. అందుకని ప్రతి పిల్లకీ తన పెద్దవాళ్ళ వస్తువు ఒకటి అప్పగించేది. ఒకడికి తాత టోపీ. ఒకదానికి నానమ్మ చేతికర్ర. అది పోతే ఆ పిల్లదే పూచీ.

ఇంకా ఎంత దూరం అని అడగనిచ్చేది కాదు. అడగాలనిపిస్తే కనిపించేది చెప్పాలి. మేం అడవి అంచున బారుగా నడుస్తుంటే మాటలు ముందునుంచి వెనక్కి వచ్చేవి.

"గాడిద."

"పొగ."

"గాడిదమీద పొగ."

"అది పొగ కాదే మొద్దూ, మబ్బు. కొండ దిగి మేతకొచ్చింది."

చివరి పాఠం రాళ్ళ గురించి. దీన్ని ఆమె కూర్చుని చెప్పేది.

"దారిలో రాళ్ళుంటాయి. అవి మనుషులు. మొక్కుకుని బయల్దేరి, సగం దారిలో విసుక్కుని వెనక్కి తిరిగినవాళ్ళు. మీరు నడుస్తూ ఒక్కోదాన్ని కాలితో ముందుకు తన్నండి. వాళ్ళకి నొప్పి ఉండదు. తన్నిన ప్రతిసారీ స్వామికి ఇంకాస్త దగ్గరవుతారు. ఒకరోజు చేరతారు. చేరాక మళ్ళీ మనుషులవుతారు."

ఆ చివరి రెండు మాటలూ అందరిచేతా పలికించేది. ఒక్కడు నోట్లోనే గొణిగినా వదిలేది కాదు.

అలా ఎందుకు పలికించేదో మా ఊళ్ళో అందరికీ తెలుసు. తన ఎనిమిదో ఏట ఆమెను తండ్రి చాల్మాకి బయల్దేరదీశాడు. రాళ్ళు మనుషులని ఎవరో చెప్పారు. తక్కినది ఎవరూ చెప్పలేదు. కనుమ దగ్గర, సిలువ ముందు, అందరూ రాళ్ళను తన్నుకుంటూ వెళ్తుంటే ఆమె దారిమధ్యలో కూర్చుండిపోయింది. మనుషుల్ని తన్నను అంది. తొక్కను అంది. ఎక్కడ అడుగు పెట్టాలో తెలియక ఏడ్చింది. తండ్రి బతిమాలాడు, కసిరాడు, చివరికి వీపున వేసుకుని వెనక్కి తిరిగాడు. ఆ ఏడు వడగళ్ళు పడి మొక్కజొన్న నేలకరిచింది. చాలాకాలం ఆమెను రాయిపిల్లా అని పిలిచేవాళ్ళు.

ఆ తర్వాత ఆమె కనుమ దాటలేదు. ఏటా పిల్లలతో సిలువదాకా వచ్చేది. మూట కట్టుకునేది కాదు. మూట లేనివాళ్ళు యాత్రికులు కారు, కాబట్టి తిరిగిపోయినా వాళ్ళని రాళ్ళుగా మార్చే హక్కు దారికి లేదు. ఒక్కో చిన్నచేతిని ఒక్కో ముసలిచేతిలో పెట్టి, మేం మలుపు తిరిగేదాకా చూసి, దిగిపోయేది. ఆమె నడిపించిన పిల్లల్లో ఒక్కరూ సగం దారిలో వెనక్కి తిరగలేదు.

ఒక వానాకాలంలో ఆమె భర్త అబుందియో పోయాడు. ఆయన పోతూ ఒక మొక్కు మిగిల్చాడు. మనవరాలు ఎవేలియాకి చిన్నప్పుడు కోరింత దగ్గు పట్టుకుంది. ముఖం నీలంగా మారిపోయేది. బతికితే వరసగా మూడేళ్ళు నడిపించుకొచ్చి స్వామి ఊటలో పాటకి ఆడిస్తానని ఆయన మొక్కుకున్నాడు. పిల్ల బతికింది. రెండేళ్ళు తాత చెయ్యి పట్టుకుని వెళ్ళొచ్చింది. మూడో ఏడు మిగిలింది. పిల్ల తల్లీ తండ్రీ తెనాన్సింగో దిక్కున గులాబీ తోటల్లో పని చేస్తారు. పండగ రోజుల్లో పూలకోత. సెలవు దొరకదు.

త్రాంకిలీనో బాబాయి వచ్చి కూకా అమ్మమ్మ గుమ్మంలో కూర్చున్నాడు. నేను వాళ్ళింట్లో మొక్కజొన్న వలుస్తున్నాను.

"నాతో పంపు అందామంటే వీల్లేదు వదినా. మొక్కినవాడి ఇంటి మనిషే పట్టుకెళ్ళాలి, నాది ఊరి వరసే. నీకు తెలియంది కాదు."

"తెలుసు."

"మరి?"

"ఒక్క ఏడు ఆగితే?"

"వరసగా అన్నాడు అన్న. నా ముందే అన్నాడు. నోరుంది కదా అని అనేశాడు మహానుభావుడు."

ఎవేలియా మూలన కంకులు పేరుస్తోంది. తలెత్తకుండా అడిగింది.

"వరస తప్పితే నాకు మళ్ళీ దగ్గొస్తుందా?"

పొయ్యిలో కట్టె చిటపటమంది. కూకా అమ్మమ్మ లేచి, దూలానికి వేలాడుతున్న తన పాత చెప్పులు తీసింది. పట్టీలు తెగిపోయి ఉన్నాయి.

"కొత్తవి కావాలి," అంది.

మర్నాడు ఆమె చెప్పుల్ని ఎవేలియా నానబెట్టింది. ఆ ఏటి పిల్లలందరూ గట్టుమీద కూర్చుని చూశారు.

"మోళ్ళలో నడువు అమ్మమ్మా. ఆరేదాకా."

"చలేస్తోందే."

"అందరికీ వేసింది," అంది ఎవేలియా.

ఆమె నడిచింది. పొగమంచులో తెల్లటి చేలో, అటు చివరిదాకా వెళ్ళి మాయమై, మళ్ళీ వచ్చేది. ఈసారి మూట కట్టుకుంది.

బయల్దేరిన రోజున అడవి నిండా మంచు గడ్డకట్టి ఉంది. ముందు జెండా, వెనక పాట, పాట వెనక కుక్కలు. మూటల్లో చల్లారిన రొట్టెలూ వేయించిన మొక్కజొన్న పిండీ. రాత్రి గొర్రెల కొట్టంలో పడుకుని, తెల్లారాక మళ్ళీ ఎక్కాం. కూకా అమ్మమ్మ మాట్లాడటం తగ్గించింది. కనుమ చేరేసరికి మబ్బు దారిమీదే కూర్చుని ఉంది. సిలువ పైసగమే కనిపిస్తోంది.

ఆమె ఆగింది. తర్వాత కూర్చుంది.

జెండా మబ్బులోకి వెళ్ళిపోయింది. పాట కాసేపు వినిపించి సన్నగిల్లింది. నేను పది అడుగుల దూరంలో నిలబడిపోయాను. దగ్గరికి వెళ్ళాలో వద్దో తెలియలేదు. ఎవేలియా ఏడవలేదు, లాగలేదు. పక్కన చతికిలబడి, అమ్మమ్మ చేతికర్రను ఒళ్ళో పెట్టుకుంది.

"ఏం కనిపిస్తోంది?" అని అడిగింది.

కూకా అమ్మమ్మ శాలువా అంచుతో ముఖంమీది మంచు తుడుచుకుంది.

"రాళ్ళు," అంది కూకా అమ్మమ్మ.

"ఇంకా?"

"మా నాన్న వీపు. చొక్కా చెమటకి తడిసిపోయింది. దిగిపోతున్నాడు."

"నిన్ను మోసుకునా?"

"లేదు. నన్ను వదిలేసి వెళ్ళినట్టున్నాడు. పిల్ల ఇక్కడే కూర్చునుంది. అదిగో. దారి మధ్యలో."

ఎవేలియా ఆ వైపు చూసింది. నేనూ చూశాను. మబ్బు కదులుతోంది.

"ఎలా ఉంది?"

"నీ అంతే ఉంది. ముక్కు కారుతోంది. చెప్పులు కొత్తవి. బొబ్బలెక్కాయి."

"నానబెట్టలేదా?"

"ఎవరూ చెప్పలేదు దానికి."

"అయితే నువ్వు చెప్పు," అంది ఎవేలియా. "రాళ్ళ సంగతి కూడా చెప్పు. మొత్తం."

కూకా అమ్మమ్మ చెప్పింది. గట్టిగా కాదు. మాకు చెప్పినట్టే, అదే వరసలో, ఎదురుగా ఉన్న తెల్లదనానికి చెప్పింది. చేరాక మళ్ళీ మనుషులవుతారు అన్నచోట ఆగి, ఎవరో తిరిగి పలకడం కోసం చూసినట్టు చూసింది. తర్వాత చెయ్యి చాపింది. ఎవేలియా కర్ర అందించింది. లేస్తూ ఆమె కుడికాలి వేలితో ఒక రాయిని తాకింది. అది రెండు పొర్లు పొర్లి పల్లం అందుకుని, మబ్బులోకి దొర్లిపోయింది. చాలాసేపు చప్పుడు వినిపించింది.

"పరుగెత్తుతున్నాడే," అంది కూకా అమ్మమ్మ. మేం వెనకాలే దిగాం.

లోయలో పెద్ద సైప్రస్ చెట్టుంది. దాని వేళ్ళ కిందినుంచి ఊట పుడుతుంది. మొదటిసారి వచ్చినవాళ్ళు ఆ నీళ్ళలో నిలబడి, పూలకిరీటం పెట్టించుకుని, ఆడి, అప్పుడు స్వామి దగ్గరికి దిగాలి. కిరీటం పెట్టేవాళ్ళు ఇంతకుముందు వచ్చినవాళ్ళై ఉండాలి. పెట్టినవాళ్ళు జ్ఞానతల్లో జ్ఞానతండ్రో అవుతారు. ఆ బంధుత్వం చచ్చేదాకా ఉంటుంది.

ఆ ఏడు నీళ్ళలో ఐదారుగురు పిల్లలు వరసగా నిలబడ్డారు. చివర కూకా అమ్మమ్మ నిలబడింది.

"ఈ పాప ఎవరమ్మా, ఇంత పొడుగు పెరిగిపోయింది?" అన్నాడు త్రాంకిలీనో బాబాయి. నీళ్ళు కూడా నవ్వాయి. తర్వాత అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు పెట్టాలి? అక్కడున్నవాళ్ళలో సగంమందికి చెప్పులు నానబెట్టించింది ఆమే. ఆమెకు తల్లినని చెప్పుకునే ధైర్యం ఎవరికుంది? నేను నా చేతులు శాలువాలో దాచుకున్నాను.

"ఫాదరుగారిని పిలుద్దామా?" అన్నారెవరో.

"ఆయన బస్సులో వచ్చాడు," అంది కూకా అమ్మమ్మ.

ఎవేలియా పూలబుట్ట దగ్గరికి వెళ్ళి, ఎర్రపూల కిరీటం ఒకటి ఏరి, పావడా తడుస్తున్నా నీళ్ళలోకి దిగింది.

"నేను రెండుసార్లు వచ్చాను," అంది అందరికీ వినబడేలా. "వంగు అమ్మమ్మా, అందడం లేదు."

ఆమె వంగలేదు. చల్లటి నీళ్ళలో మోకాళ్ళమీద కూర్చుంది. కిరీటం పెద్దదై చెవులమీదికి జారింది. ఎవేలియా ఎత్తి సరిచేసింది.

"ఇప్పుడు నేను నీకేమవుతాను?"

"జ్ఞానతల్లివి."

"అయితే నన్ను మీరు అనాలి కదా."

"అనాలి."

"అను."

కూకా అమ్మమ్మ ఆ చిన్నచేతిని తీసుకుని ముద్దు పెట్టుకుంది. ఆచారం అది.

"మీరు ఆడమంటారా అమ్మా?" అని అడిగింది.

ఎవేలియా బుగ్గలు ఎర్రబడ్డాయి. నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

"ఆడు," అంది.

ఫిడేలు మొదలైంది. గిటారు అందుకుంది. ఎవేలియా తన తాత మొక్కిన మూడో ఆట ఆడింది, అమ్మమ్మ రెండు చేతులూ పట్టుకుని. అడుగులు చిన్నవి. రెండు కుడికి, రెండు ఎడమకి. నీళ్ళు మోకాళ్ళదాకా ఎగిరాయి. జ్ఞానతల్లి చాలనేదాకా బిడ్డ ఆగకూడదు. తక్కిన పిల్లలు ఆడి, ఒడ్డెక్కి, తువ్వాళ్ళు చుట్టుకున్నారు. వీళ్ళిద్దరూ మిగిలారు.

"చాలనవే తల్లీ," అన్నాడు త్రాంకిలీనో బాబాయి. "ముసలిది కూలబడుతుంది."

ఎవేలియా అమ్మమ్మ ముఖంకేసి చూసింది. కళ్ళు మూసి ఉన్నాయి. కళ్ళమీదికి పూలు జారాయి.

"అననుగాక అనను," అంది.

ఫిడేలు వాయించేవాడు ముగింపుకి వచ్చినవాడల్లా కమాను ఎత్తి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత అదే పాటను మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.