గల్లీలో అడిగిన మాఫీ

మొన్న చినిగిన నిఘంటువు ఒకటి కట్టించుకుందామని అఫ్జల్‌గంజ్‌లో బైండింగు దుకాణానికి వెళ్ళాను. లోపల పొయ్యి మీద మైదా జిగురు ఉడుకుతోంది. పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపిన ఆ జిగురు వాసన ముక్కుకు తగలగానే దుకాణదారు ఏమడిగాడో వినిపించలేదు. నలభై ఏళ్ళకు పూర్వం మా పక్కింట్లోంచి రోజూ పొద్దున ఆ వాసన వచ్చేది. ఆ ఇంటి ఆవిడను గల్లీ అంతా ఖానమ్ అనేది.

ఆమె భర్త ఆగాసాబ్ ఇరాన్ దేశస్థుడు, పుస్తకాలు కట్టడంలో మంచి పనివాడు. ఒక నవాబుగారి దేవిడీలో పాత గ్రంథాలు బాగుచేయడానికి రెండేళ్ళకని వచ్చారు. పని పెరిగింది, ఆ తరువాత యుద్ధం వచ్చి ఓడలు ఆగాయి. రెండేళ్ళు కాస్తా పదకొండేళ్ళయ్యాయి. కూతురు జహ్రా ఇక్కడే పుట్టింది. బడి వదలగానే నేను వాళ్ళింటికి పరుగెత్తేదాన్ని. పుస్తకం కుట్టేటప్పుడు దారం ఎంత బిగించాలో, ఉర్దూ అక్షరాలు ఎలా కూడబలుక్కోవాలో నాకు ఖానమే నేర్పింది. కుట్టు వంకర పోతే, "అట్ట వేస్తే కనపడదులెండి" అనేదాన్ని. "నీకు తెలుసుగా, విప్పు" అనేది. ఆమెది పారశీ కలిసిన ఉర్దూ. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు వాళ్ళకు బొంబాయి నుంచి ఓడ దొరికింది. బేగంబజార్ నుంచి రెండు రేకు పెట్టెలు వచ్చాయి. దూరప్రయాణం పోయేవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి, ఇన్నాళ్ళలో అన్నమాట, విన్నమాట మాఫ్ చేయమని అడగడం మా దగ్గర ఉన్నదే. ఖానమ్ వారం రోజులు తిరిగింది. మా అమ్మ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఒక్క ఇంటికి మాత్రం వెళ్ళలేదు. అది పాలు పోసే కొమరయ్య ఇల్లు.

ఆ కథ గల్లీలో అందరికీ తెలుసు. ఆరేళ్ళ కిందట ఆగాసాబ్ పాలగిన్నె తీసుకొని బయటికి వచ్చి, పాలు అరచేతిలో పోసుకొని నీళ్ళలా జారడం అందరికీ చూపించాడు. "మా బిడ్డకు బావినీళ్ళు అమ్ముతున్నావా?" అని కొమరయ్య మీద అరిచాడు. కొమరయ్య ఎంత ఒట్టు పెట్టినా వినలేదు. ఆ నెలలోనే అయిదిళ్ళవాళ్ళు పాలు మానేశారు. కొమరయ్య రెండు బర్రెలు అమ్ముకున్నాడు. అతని భార్య మల్లమ్మ అప్పటినుంచి ఖానమ్ గుమ్మం వైపు చూడలేదు.

ప్రయాణం నాటి మధ్యాహ్నం ఖానమ్ బురఖా వేసుకొని మా ఇంటికి వచ్చింది. "బేటీ, నాతో మల్లమ్మ ఇంటిదాకా రా. ఒక్కదాన్ని పోలేను" అంది. దారిలో నిలబడి చెప్పింది. పసిపిల్ల జహ్రాకు బర్రెపాలు అరిగేవి కావట. చిక్కటి పాలు తాగితేనే పిల్ల గట్టిపడుతుందని ఆగాసాబ్ పట్టు. అందుకని ఆయనకు తెలియకుండా ఆమే నీళ్ళు కలిపేది. "ఆయన అరుస్తుంటే పరదా వెనక నిలబడి విన్నాను. రేపు చెబుదామనుకున్నాను. మాఫీ తీసుకోకుండా ఓడ ఎక్కితే నా కడుపులో అది అట్లాగే ఉంటుంది."

నాకు పదిహేడేళ్ళు. ఆమెను ఎలాగైనా గట్టెక్కించాలని ఉంది. మల్లమ్మ కొట్టంలో పేడ ఎత్తుతూ మమ్మల్ని చూసి, చూడనట్టే వంగింది. నేను ముందుగా అందుకున్నాను. "మల్లమ్మక్కా, అప్పుడు పాలల్ల నీళ్ళు కలిపింది వాళ్ళ వంటమనిషి బూబమ్మనట. ఖానమ్‌కు ఈ మధ్యనే తెలిసింది."

బూబమ్మ పోయి అప్పటికి ఏడాది. కాదనడానికి ఎవరూ లేరు. అబద్ధం చక్కగా అతికిందనుకున్నాను.

ఖానమ్‌కు తెలుగు బాగానే అర్థమవుతుంది. నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది. "బూబమ్మ కాదు. నేను" అంది తెలుగులోనే. "ఈ చేత్తో. రోజూ."

మల్లమ్మ నడుము ఎత్తి నిలబడింది.

"ఆరేండ్లు నోరు మూసుకున్నవు" అంది. "నీ మొగడు తిట్టింది గల్లీల. మాఫీ కొట్టంలనా? బర్రెలకు చెప్తున్నవా?"

ఖానమ్ తల ఊపి బయటికి నడిచింది. అప్పటికి వాళ్ళ గుమ్మం ముందు టాంగా ఆగి ఉంది. పెట్టెలు ఎక్కించారు. సాగనంపడానికి ఆడా మగా అందరూ చేరారు. పదకొండేళ్ళలో ఆమె గల్లీలో గొంతెత్తడం ఎవరూ ఎరుగరు. టాంగా పక్కన నిలబడి, ముసుగులోంచే, అంగడి తెలుగులో గట్టిగా చెప్పింది. "పాలల్ల నీళ్ళు కొమరయ్య పొయ్యలే. నేను పోసిన. ఆగాసాబ్‌కు చెప్పలే. కొమరయ్య మంచోడు. నన్ను మాఫ్ చెయ్యున్రి."

టాంగాలో కూర్చున్న ఆగాసాబ్ అప్పుడే విన్నాడు. ముఖం ఎర్రబడింది. బొంబాయి రైలు మాట ఎవరికీ గుర్తులేదు. ఆయన దిగాడు, భార్య వైపు చూడకుండా నేరుగా కొమరయ్య దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇంట్ల అడగకుంట నీ మీద అరిచిన, భాయ్. తప్పు నాది గూడ."

కొమరయ్య చేతులు విడిపించుకొని తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "ఇగ చాలు సాబ్. బండి తప్పితే మళ్ళ పదకొండేండ్లు మాతోనే ఉంటరు."

జనం నవ్వారు. మల్లమ్మ మాత్రం నవ్వలేదు. తన ఇంట్లోకి వెళ్ళి మూతపెట్టిన చెంబు తెచ్చి ఖానమ్ చేతిలో పెట్టింది. "తొవ్వల పిల్లకు తాపు. మస్తు చిక్కగున్నయి. నీళ్ళు గావాల్నంటే నువ్వే పోస్కో, నీకు అలవాటేనాయె." ముసుగులోపల ఖానమ్ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. టాంగా మలుపు తిరిగేదాకా ఆ నవ్వు వినిపిస్తూనే ఉంది. అంత తేలికగా సాగిన వీడ్కోలు నేను మళ్ళీ చూడలేదు. నాలుగు నెలలకు క్షేమంగా చేరామని ఉత్తరం వచ్చింది.

తరువాత నేను ఒక దినపత్రికలో ఉపసంపాదకురాలినయ్యాను. చేరిన రెండో ఏడు, సస్పెండయిన అధికారి పేరుకు బదులు మరో అధికారి పేరు రాశాను. మొదటి పేజీలో పడింది. సంపాదకుడు మంచివాడు. "లోపలి పేజీలో ముద్రారాక్షసం అని రెండు పంక్తులు వేసేద్దాం" అన్నారు. అక్షరాలు పేర్చే కంపోజిటర్ నర్సింహులు, నింద తన మీదికే వస్తుందని, అక్కడే తల వంచుకొని నిలబడ్డాడు.

"నర్సింహులుగారు నేను రాసిందే పేర్చారు సార్. పడింది మొదటి పేజీలో" అన్నాను.

సంపాదకుడు కళ్ళద్దాలు తీసి నన్ను చూసి, కాగితం నా ముందుకు తోశారు. ఎవరి పొరపాటో, ఏం పొరపాటో రాసి మొదటి పేజీకే పంపాను. ఆ సాయంత్రం తప్పు పడిన పత్రిక పట్టుకొని, సస్పెండు కాని ఆ అధికారి ఇంటికి వెళ్ళి, ఆయన అరుగు మీద, నలుగురూ ఉండగానే చెప్పాను. ఆయన తిట్టాడు. తిట్టనిచ్చాను.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అలాంటి సవరణలు చాలానే రాయవలసివచ్చింది. ప్రతిసారీ సవరణ రాసేదాకా అన్నం సయించేది కాదు. అచ్చుకు పంపాక మాత్రం ఆకలి వేసేది. కిందికి దిగి, వేడివేడిగా ఏదైనా తిని, ఇంటికి నడిచి వెళ్ళేదాన్ని.