ఫ్రిజ్ తెరిచిన ఉదయం

హోటల్ వంటగదిని ఏళ్లతరబడి అద్దంలా ఉంచిన వంటమాస్టరు, రిటైరయ్యాక మతిమరుపులో పడ్డాడు. పొయ్యి ఆర్పడం మరిచేవాడు, తెలిసినవాళ్ల పేర్లకు తడుముకునేవాడు. తిండీ నిద్రా టీవీ ముందే. జబ్బు ఇంకా ముదరలేదనీ, నడక, మంచి నిద్ర, నలుగురితో మాటలు ఉంటే కొందరు కోలుకుంటారనీ డాక్టరు చెప్పాడు. ఆ మాట పట్టుకుని, పక్కవీధిలో ఉండే అక్క రోజూ వచ్చి తమ్ముణ్ణి రెక్క పట్టుకు నడిపించింది. సిగరెట్లు మాన్పించి, సాయంత్రాలు పేకాటకు కూర్చోబెట్టింది.

కొన్ని నెలలకు ఒక ఉదయం అతను ఫ్రిజ్ తెరిచి వెనక్కి తూలాడు. గిన్నెల నిండా బూజు, అరల్లో కుళ్లిన కూరల జిగట.

"ఛీ! ఏంటక్కా ఈ కంపు?"

"ఎప్పట్నుంచో ఉన్నదేరా. తీసేస్తానంటే కొట్టడానికొచ్చావు."

"నేను ఇందులోంచే తిన్నానా?"

"లొట్టలేసుకుంటూ తిన్నావు."

అతను సింకు దగ్గరికి పరుగెత్తి కక్కుకున్నాడు. తలెత్తేసరికి అక్క నవ్వుతోంది.

"నవ్వకు, సిగ్గుతో చస్తున్నా."

"ఇన్నాళ్లకు నీకు అసహ్యం పుట్టింది, నవ్వనా మరి!"

గిన్నెలు కడగకుండానే మూటగట్టి పారేశాడు. వేడినీళ్లతో అరలు రుద్దుతుంటే తన మీద తనకే రోత పుట్టింది. మధ్యాహ్నం భోజనానికి అక్క ఇంటికి వెళ్లి, కంచం రెండుసార్లు కడుక్కుని కూర్చున్నాడు.