చెట్టుకు మొక్కని రోజు

2023 ఎండాకాలం. జగిత్యాలలో నాదొక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్. మోకాళ్ల నొప్పులు, పక్షవాతం, పట్టేసిన మెడలు, రోజూ వచ్చేవి ఇవే. అందుకే తలలో ‘చిప్పు’ పెట్టించుకున్న రాజేశం మామ లోపలికి వచ్చిన రోజు నేనూ అందరిలాగే వింతగా చూశాను.

ఆయనది రాయికల్ దగ్గరి పల్లె. తాటిచెట్లు గీసి కల్లు తీసే వృత్తి. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బుతో చెట్టెక్కడం మానేసి అప్పటికి కొన్నేళ్లయింది. లొట్టి కుండలోంచి కల్లు వంచితే సగం నేలపాలయ్యేదట. మందులు సరిగా పనిచేయని దశలో హైదరాబాదులో డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ చేశారు. మెదడులోకి సన్నని తీగలు దించి, ఛాతీ మీద చర్మం కింద బ్యాటరీ యంత్రం పెడతారు. దాని కరెంటు వణుకును అదుపు చేస్తుంది. ఆలోచనలు చదివే చిప్పేమీ కాదది. ఆ మాట చెబితే ఊళ్లో ఎవరు వింటారు?

“మా వదినైతే కొబ్బరిచిప్ప అనుకున్నది బిడ్డా,” అని ఆయన భార్య లచ్చవ్వ నవ్వింది. “‘గంత పెద్దది తలల ఎట్ల పట్టింది?’ అని అడుగుతున్నది.”

ఆయన నడకను, బ్యాలెన్సును సరిచేయడం నా పని. ఒకరోజు నిండు చాయ్ గ్లాసు తెచ్చి చుక్క ఒలకకుండా నా బల్ల మీద పెట్టాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత హైదరాబాదులో కరెంటు ఇంకాస్త పెంచారు. ఇలా కరెంటును సరిచేయడాన్ని ప్రోగ్రామింగ్ అంటారు. నడక మరింత బాగుపడింది. వచ్చిన ప్రతి పేషెంటుకూ ఆయన్ను చూపించి నేను గొప్పలు పోయాను.

కొన్నాళ్లకు లచ్చవ్వ ఒక్కతే వచ్చింది. “చెట్టెక్కిండు,” అంది.

నాకు కోపం నషాళానికంటింది. తలలో తీగలు, ఛాతీలో యంత్రం పెట్టుకొని తాటిచెట్టా! పడితే మనిషి దక్కుతాడా? “నువ్వెట్ల ఎక్కనిచ్చినవ్ అత్తమ్మా?” అని అరిచాను.

“నేను జూసేసరికే నడుముకు మోకు కట్టుకొని సగం చెట్టు మీదున్నడు. కిందికైతే మంచిగనే దిగిండు. గది కాదు బిడ్డా నా భయం. చెట్టుకు మొక్కలే.”

నాకు అర్థం కాలేదు. ఎక్కే ముందు చెట్టు మొదలును తాకి కళ్లకద్దుకోవడం వాళ్ల ఆనవాయితీ అని ఆమే చెప్పింది.

“తాగి ఉన్నా సుత మొక్కకుండ కాలు వెట్టలే ఎన్నడు. గిప్పుడు ఏమన్నా నవ్వుతడు. ఏది తోస్తె గది చేస్తడు. చేతులు మంచిగైనయి గని, మా ఆయన మా ఆయన లెక్క లేడు.”

హైదరాబాదు డాక్టరుకు ఫోన్ చేశాను. కరెంటు పెంచాక కొందరిలో ఇంపల్సివిటీ, అంటే వెనకాముందూ చూడకుండా దూకే గుణం వస్తుందన్నారు. తగ్గిస్తే అది పోవచ్చు, కానీ వణుకు కొంత తిరిగి రావచ్చు.

మరునాడు ఇద్దర్నీ పిలిచి ఆ మాట చెబితే రాజేశం మామ మండిపడ్డాడు. “మంచిగైనోన్ని మల్ల వణికిస్తరా? గీ తల నాది. నాకేం కాలే.”

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? తల ఆయనదే. కానీ ఆ మాట అంటున్నది ఆయనా, కరెంటా?

లచ్చవ్వే నెమ్మదిగా అడిగింది. “తగ్గియ్యాలె అంటలేను. ఒక్కటి చెప్పు. మొన్న చెట్టుకు మొక్కినవా?”

“ఎందుకు మొక్క...” అని నవ్వబోయి ఆగిపోయాడు. స్థిరంగా ఉన్న తన చేతుల వంక చాలాసేపు చూసుకున్నాడు.

“మొక్కలేదా నేను?” అన్నాడు.

“ఫోన్ చెయ్ బిడ్డా,” అన్నాడు చివరికి. “ఎంత తగ్గియ్యాల్నో గంత తగ్గియ్యమను.”

తగ్గించారు. కుడిచేతి వణుకు కొంత తిరిగొచ్చింది. వానాకాలంలో వాళ్ల ఊరికి వెళ్తే నన్ను ఆ తాటిచెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. ఎక్కలేదు. వణికే చేత్తో మొదలును తాకి కళ్లకద్దుకున్నాడు. లచ్చవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇలాంటి యంత్రాలు ఇంకా వస్తాయి, రావాలి కూడా. ఆ నిండు గ్లాసును నేను మరచిపోలేను. కానీ అలాంటి పేషెంటు ఎవరొచ్చినా, చేతులు చాచమనే ముందు పక్కనున్న ఇంటిమనిషిని ఇప్పుడు ఒకటి అడుగుతాను: “మీ మనిషి మీ మనిషి లెక్కనే ఉన్నడా?”