మా వారి ఆఫీసు ఫోన్

మా వారు పెద్ద కంపెనీలో సరుకు పంపే విభాగంలో పనిచేసేవారు. ఆడవాళ్ళను ఎక్కువగా తీసుకోవాలని కంపెనీ నియమం పెడితే ఆయన సంతోషించారు. ఆ వంకతో మేనేజరు తన మరదల్ని తెచ్చిపెట్టాడు. పని ఈయనే నేర్పారు. మనుషుల్ని తగ్గించినప్పుడు ఈయన్నీ, ఏళ్ళ తరబడి పనిచేసిన ఒక పెద్దావిడనీ ఇంటికి పంపి, ఆ పిల్లను ఉంచుకున్నారు.

ఆ తర్వాత కూడా ఆ పిల్ల సందేహం వస్తే ఈయనకే ఫోన్ చేసేది. మోగగానే ఈయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కుర్చీలో నిటారుగా కూర్చుని చెప్పేవారు.

"మిమ్మల్ని గెంటేసిన చోటికి ఇంకా ఊడిగమా?" అన్నాను.

"ఆ పిల్లదేం తప్పే? ముందు ఆ కుక్కర్ ఆపు, ఆఫీసువాళ్ళు వింటారు."

మెల్లగా ఆ పిల్లకు పని వచ్చేసింది. ఫోన్లు ఆగిపోయాయి. ఆయన మాత్రం చొక్కా తొడుక్కుని ఎదురుచూసేవారు. అన్నం సయించడం మానేసింది.

చూడలేక, చాటుగా నేనే ఆ పిల్లకు ఫోన్ చేశాను. "ఏదో ఒకటి అడుగమ్మా, నీకు పుణ్యముంటుంది."

"మేనేజరుగా ఉన్న మా బావనే తీసేశారు వదినా. ఇంకా ఫోన్ చేసి అడిగితే, నాకు పని రాదనుకుని నన్నూ పంపించేస్తారు," అంది ఏడుపు గొంతుతో.

కొన్ని నెలలకు, ఆయన పోయిన రోజు ఆ పిల్ల వచ్చి నా పక్కనే కూర్చుంది. ఆ పిల్లను తప్పుపట్టబుద్ధి కాలేదు.