తిమ్మక్క తెచ్చిన గోళం

1957 జూన్‌లో నన్ను ఆళ్లగడ్డలోని ఒక బోర్డు బడిలో రెండో తరగతి టీచరుగా వేశారు. అంతకు ముందు నంద్యాలలో ట్రెయినింగు పూర్తి చేశాను. మా నాయన కూడా నంద్యాలలోనే చర్చి బడిలో పిల్లలకు చదువు చెప్పేవారు. నన్ను బస్సెక్కిస్తూ ఆయన ఇచ్చిన సలహా ఒకటే: ప్రొబేషన్ పూర్తయ్యేదాకా ఎవరి నోట్లోనూ పడొద్దని. ప్రొబేషన్ అంటే ఉద్యోగం ఇచ్చినట్టే గాని ఖాయం చేయనట్టు. తనిఖీకి వచ్చిన అధికారి మన పాఠం చూసి బాగుందంటే నిలుస్తాం, లేకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి పోతాం. ఆ అధికారిని జూనియర్ డిప్యూటీ ఇన్‌స్పెక్టరు అనేవారు. మా వైపు బళ్లకు ఆయన నంద్యాల నుంచి బస్సులో వచ్చేవారు. ఎప్పుడు వస్తారో ముందుగా చెప్పాలన్న నియమం ఆయనకు లేదు.

రెండో తరగతి లెక్కల్లో ఆకారాలు ఒక పాఠం. చతురస్రం, త్రిభుజం, వృత్తం చదునైనవి, పలక మీద గీస్తే మొత్తం పలక మీదే ఉంటాయి. ఘనం, గోళం, స్తూపం, శంకువు అలా కాదు. అవి చోటు ఆక్రమిస్తాయి, చేత్తో చుట్టూ తడమవచ్చు. చెప్పడానికి ఇంతే. నల్లబల్ల మీద వృత్తం గీసి ఇదేమిటని అడిగితే పిల్లలు ‘గుండ్రం’ అన్నారు. నిమ్మకాయ ఎత్తి చూపిస్తే అదీ ‘గుండ్రమే’ అన్నారు. జొన్నరొట్టె గుండ్రం, సంగటిముద్ద గుండ్రం, బండిచక్రం గుండ్రం. రొట్టె, ముద్ద రెండూ ఒకటేనా అని అడిగాను. హుసేని అనే పిల్లవాడు కాసేపు ఆలోచించి, “కాదు టీచరమ్మా, ముద్దయితే కడుపు నిండుతాది” అన్నాడు. నేను చెప్పదలచుకున్నదానికి అది మరీ దూరమేమీ కాదు గాని, పరీక్షలో రాయడానికి పనికిరాదు.

బడికి ఇచ్చిన చెక్క ఆకారాల పెట్టె ఒకటి బీరువాలో ఉందని విని ప్రధానోపాధ్యాయులు ఓబులయ్యగారిని అడిగాను. ఆయన మంచివారు. కాని బడి సామానులో ఒక్క వస్తువు తగ్గినా తన పింఛనుకే ఎసరు వస్తుందని ఆయనకు గట్టి నమ్మకం. “పిల్లోళ్ల చేతికిస్తే అరిగిపోతాయమ్మా. గోళం అరిగితే ఏమైతాది? గోళం కాకుండా పోతాది. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు తీస్తాం లే” అని మొలతాడుకు కట్టుకున్న తాళంచెవిని చేత్తో తడిమి చూసుకున్నారు.

ఇక నేనే ఒక దారి వెతుక్కున్నాను. పిల్లలకు రెండు పరీక్షలు నేర్పాను. మొదటిది దొర్లించే పరీక్ష. వస్తువును చాప మీద పెట్టి తోయాలి. ఎటు తోసినా దొర్లితే గోళం, ఒక వైపే దొర్లితే స్తూపం, ఎటూ దొర్లకపోతే ఘనమో ఇటుకలాంటిదో. రెండోది అచ్చు పరీక్ష. ఒకటో తరగతి పిల్లలు అక్షరాలు దిద్దే ఇసుక పెట్టెలో ఇసుకను కాస్త తడిపి, వస్తువును దాని మీద నొక్కి తీయాలి. ఇసుకలో మిగిలిన గుర్తు చదునైన ఆకారం, చేతిలో ఉన్నది ఘనాకారం. పేరు మాత్రం పరీక్ష అయ్యాకే చెప్పాలి. ఈ నియమం మీద నేను చాలా పట్టుదలగా ఉన్నాను. చూడగానే పేరు చెప్పినవాడిని కూర్చోబెట్టి, పరీక్ష చేసినవాడినే మెచ్చుకునేదాన్ని. తరువాత ఇంటి నుంచి తలా ఒక వస్తువు తెమ్మన్నాను.

మర్నాడు మా తరగతి సంతలాగా తయారైంది. ఇటుకలు, చెంబులు, బొంగరాలు, ఒక రోకలి, ఒక గుమ్మడికాయ వచ్చాయి. హుసేని సంగటిముద్ద తెచ్చాడు. మూడుసార్లు దొర్లించేసరికి దానికి చాప పీచు అంతా అంటుకుంది. అయినా గోళమని రుజువైన వెంటనే వాడు దాన్ని తినేశాడు. ఒకడు తెచ్చిన కోడిగుడ్డు ఎటూ తిన్నగా పోకుండా వంకరగా తిరిగి తోసినవాడి దగ్గరికే వచ్చింది. దానికి మా పుస్తకంలో పేరు లేదు. అది గుడ్డేనని తేల్చి పక్కన పెట్టాను.

అందరికన్నా ఆలస్యంగా తిమ్మక్క అనే పిల్ల వచ్చింది. చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చింది. వాడికి ఇంకా సరిగా మాటలు కూడా రాలేదు. వారం కిందటే అహోబిలంలో పుట్టువెంట్రుకలు తీయించారట, తల నున్నగా మెరుస్తోంది.

“వస్తువు ఏదే?” అన్నాను.

“ఇదే టీచరమ్మా. మా ఇంట్లో గుండ్రంది ఇంకేమీ లేదు” అని వాణ్ణి దించి, తల మీద చెయ్యి వేసి చూపించింది. “గోళం.”

మనుషులు వస్తువులు కారని నేను చెప్పేలోపే హుసేని లేచాడు. “దొర్లించకుండానే పేరెట్ల చెప్తావు?” అన్నాడు. నేను నేర్పిన నియమమే. ఈలోగా పిల్లవాడు తనంతట తానే చాప మీద బోర్లా పడుకున్నాడు. తక్కిన పిల్లలంతా కలిసి మెల్లగా తోశారు. అడ్డంగా తోస్తే వాడు కిలకిలా నవ్వుతూ గోడ దాకా దొర్లాడు. కాళ్లవైపు నుంచి తోస్తే కాస్త జరిగాడే గాని దొర్లలేదు.

“స్తూపం!” అని తరగతంతా అరిచింది.

తిమ్మక్కకు ఏడుపు ముంచుకొచ్చింది. గోళమని తెచ్చుకున్న తమ్ముడు స్తూపమయ్యాడని ఆ పిల్ల బాధ. ఆమెను సముదాయిస్తుండగానే వాడు లేచి తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి తడి ఇసుక పెట్టెలో కూర్చున్నాడు. వాడి ఒంటి మీద మొలతాడు తప్ప మరేమీ లేదు. ఎత్తి తీస్తే అచ్చు చక్కగా పడింది. వాడు మాత్రం మళ్లీ చాప మీద పడుకుని “ఇంకా! ఇంకా!” అని కాళ్లు కొట్టుకోసాగాడు. పిల్లలు మళ్లీ తోశారు. ఈసారి వాడు దొర్లుకుంటూ వెళ్లి రెండు నల్ల బూట్లకు తగిలి ఆగాడు.

బూట్లు ఇన్‌స్పెక్టరుగారివి. పొట్టిగా, నిండుగా ఉండే మనిషి. మెడ దాకా బొత్తాలు పెట్టిన తెల్లకోటు వేసుకున్నారు. ఆయన వెనక ఓబులయ్యగారు సున్నం కొట్టిన గోడలా నిలబడ్డారు. నాకు నంద్యాల బస్సు కళ్లముందు కనిపించింది.

“ఏం పాఠం జరుగుతోందమ్మా?” అన్నారాయన.

“లెక్కలు సార్.”

ఆయన కిందకి చూశారు. “ఈ విద్యార్థి ఏ తరగతి?”

“విద్యార్థి కాదు సార్. బోధనోపకరణం” అన్నాను. ట్రెయినింగులో బట్టీ పట్టిన మాట భయానికి అలా బయటికొచ్చింది.

ఆయన కుర్చీలో కూర్చుని, ఆకారాల పెట్టె తెప్పించమని ఓబులయ్యగారికి చెప్పి, పిల్లలను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. స్తూపానికి, వృత్తానికి తేడా ఏమిటని హుసేనిని అడిగారు. వాడు చెంబును ఇసుక మీద నొక్కి తీసి, “చెంబు ఇంటికి పోతాది సార్. వృత్తం ఈడనే ఉంటాది” అన్నాడు. అంతకంటే మంచి నిర్వచనం నాకు ట్రెయినింగులో ఎవరూ చెప్పలేదు. ఆయన కూడా తల ఊపారు. నాకు కొంచెం ఊపిరి వచ్చింది.

అప్పుడు ఆయన చూపు ఇసుక పెట్టెలో మరో మూలకు పోయింది. “పక్కపక్కనే రెండు వృత్తాలున్నాయే. ఇవి దేనివి?”

“మా చిన్నోనివి సార్” అంది తిమ్మక్క.

“వీడు స్తూపమని అందరూ అరిచారు కదా, బయటికే వినపడింది. స్తూపానికి ఒక్క వృత్తమే పడాలి. రెండెందుకు పడ్డాయి?”

తిమ్మక్క తమ్ముణ్ణి వెనక్కి తిప్పి, ఒకసారి పరిశీలనగా చూసి, “నడుమ పగులు ఉండాది సార్” అని మనవి చేసింది.

ఆయన జేబురుమాలు తీసి చాలాసేపు మొహం తుడుచుకున్నారు. రుమాలు తీశాక మళ్లీ అధికారిలాగే ఉన్నారు. లేచి నిలబడి, కోటు సర్దుకుని, ఆఖరి ప్రశ్న అడిగారు. “సరే. నేను ఏ ఆకారం?”

ఓబులయ్యగారు కళ్లు మూసుకున్నారు. పిల్లలందరి చూపూ ఆయన పొట్ట మీదే నిలిచింది. గోళమని అంటారేమోనని భయపడ్డాను. ఎవరూ అనలేదు. హుసేని ఆయన్ను ఒక ప్రక్క నుంచి చూశాడు, రెండో ప్రక్క నుంచి చూశాడు.

“చూసి చెప్పకూడదు సార్. దొర్లించాల” అని, చాప మీద ఉన్న ఇటుకలు తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు.

మమ్మల్ని కాపాడింది తిమ్మక్క తల్లి. వీధిలో ఎవరో చెప్పారట, బడిలో నీ కొడుకును దొర్లిస్తాండారని. చేతికి పిండి అంటుకుని ఉండగానే వచ్చి గుమ్మంలో నిలబడింది. “ఎవురప్పా నా బిడ్డను దొర్లిస్తాండేది?” అంది.

కోటు వేసుకున్న మనిషి ఒక్కరే కనుక నేరం ఆయనదేనని ఆమె తీర్మానించుకుంది. ఆయన మర్యాదగా, “నేను ఇన్‌స్పెక్టరునమ్మా” అన్నారు.

“ఇన్‌స్పెక్టరువైతే ఏంది? నీ బిడ్డను తెచ్చి దొర్లించుకోపో!”

నేను అడ్డం వెళ్లి, తప్పు నాదేనని, దెబ్బేమీ తగల్లేదని చెప్పాను. ఆమె కొడుకును చంకనేసుకోబోతే వాడు రానని చాప పట్టుకుని గగ్గోలు పెట్టాడు. ఓబులయ్యగారి దగ్గర తాళంచెవి తీసుకుని బీరువా తెరవడానికి వెళ్లిన బడి నౌకరు అప్పుడే పెట్టె తెచ్చాడు. కాగితాల్లో చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. ఇన్‌స్పెక్టరుగారు చెక్క గోళం తీసి పిల్లవాడి చేతిలో పెట్టారు. ఏడుపు ఠక్కున ఆగిపోయింది. తల్లి కొంగుతో వాడి మొహం తుడిచి, మాకెవరికీ మరో మాట అనే అవకాశం ఇవ్వకుండా వాణ్ణీ, గోళాన్నీ తీసుకుని వెళ్లిపోయింది. ఓబులయ్యగారు గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చారు.

పోయేముందు ఇన్‌స్పెక్టరుగారు నాతో రెండే మాటలు అన్నారు. పిల్లలు తొందరపడి పేరు చెప్పడం లేదు, అది బాగుంది. ఈసారి తాను వచ్చినప్పుడు మాత్రం చాప చుట్టి పెట్టాలి. ఓబులయ్యగారితో పెట్టె రేపటి నుంచి తరగతిలోనే ఉండాలన్నారు. నా ప్రొబేషన్ ఆ ఏడాది చివర ఖాయమైంది.

ఇక పోయిన గోళం సంగతి. ఓబులయ్యగారు మర్నాడు పొద్దున్నే తిమ్మక్క ఇంటికి వెళ్లారు. పిల్లవాడు నిద్రలో కూడా దాన్ని వదల్లేదట. చివరికి ఒక బూందీ లడ్డు చూపించి మార్పిడి చేసుకొచ్చారు. గోళం మీద రెండు పళ్ల గాట్లు ఉన్నాయి. ఆయన వాటిని గరుకు కాగితంతో రుద్దబోయి, అరిగిపోతుందని గుర్తొచ్చి మానేశారు.

1959లో నన్ను నంద్యాలలో ట్రెయినింగు స్కూలుకు అనుబంధంగా ఉన్న బడికి మార్చారు. అక్కడ కొత్తగా ట్రెయినింగుకు వచ్చినవాళ్ల పాఠాలు చూసి దిద్దడం నా పనిలో ఒక భాగం. ఆకారాల పాఠం ఎవరు రాసుకొచ్చినా రెండు విషయాలు చూసేదాన్ని. పేరు కంటే ముందు పరీక్ష ఉందా అనేది మొదటిది. ఆ పరీక్షను దేని మీద చేయకూడదో కూడా రాశారా అనేది రెండోది. చిన్నపిల్లలు మనం చెప్పిన నియమాన్ని మనకంటే గట్టిగా పాటిస్తారు. మనం ఎక్కడ ఆగాలనుకున్నామో అది వాళ్లకు తెలియదు. అందువల్ల దాన్ని కూడా పాఠంలోనే చెప్పాలి.