కొత్తిమీర మడిలో పడ్డ దుంగల బండి

రైల్వేలో ముప్ఫై నాలుగేళ్లు చేసి రిటైరైన ఎనిమిదో నెలలో, జూన్ మొదటి సోమవారం ఉదయం పది గంటలకు నేను మళ్లీ డ్యూటీలో చేరాను. పోస్టింగ్ బెంగళూరు సర్జాపుర రోడ్డులో ఒక విల్లా పెరడు. హోదా ఏమిటో ఎవరూ చెప్పలేదు కాబట్టి పాతదే ఉంచుకున్నాను: సీనియర్ సెక్షన్ ఇంజనీర్, క్యారేజ్ అండ్ వ్యాగన్. అంటే వ్యాగన్లను పరీక్షించి, నడవడానికి పనికొస్తే ‘ఫిట్’ అనీ, పనికిరాకపోతే ‘సిక్’ అనీ తేల్చి చీటీ అంటించేవాణ్ని. మనుషులకు డాక్టర్లు ఎలాగో వ్యాగన్లకు మేము అలాగ. కాకపోతే మా పేషెంట్లు ఎదురు చెప్పరు.

పెరటి యజమానురాలు స్టెల్లా మేడమ్. గుంటూరు వైపు మనిషి. ఒక ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఆమె అల్లుడు సాఫ్ట్‌వేర్ మేనేజరు. విదేశం వెళ్లినప్పుడు బ్యాటరీతో నడిచే ఒక బొమ్మ ఇంజనూ, దానికి తగిన పట్టాలూ పెట్టెల కొద్దీ తెచ్చిపెట్టాడు. బొమ్మ అన్నానని చిన్నచూపు చూడకండి. ఇది ఎండలో వానలో తోటలో తిరిగే రకం. ఇంజను మూరెడు పొడుగు, పట్టాల మధ్య ఎడం నాలుగున్నర సెంటీమీటర్లు. మేడమ్ వాళ్ల నాన్నగారు ఒకప్పుడు అడవిలో కలప లాగే చిన్న రైలుకు బ్రేకులు వేసేవారట. అందుకని ఆమెకు బజారులో కొన్న రైలు పెట్టెలు వద్దు, దుంగల బండే కావాలి, అది చేసిపెట్టే పని నాది. ఆగస్టులో ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుని, ఆ రోజు అందరి ముందూ దాన్ని నడపాలని ఆమె కోరిక.

దుంగల బండి మామూలు వ్యాగన్ కాదు. నాలుగేసి చక్రాల చిన్న ట్రక్కులు రెండు ఉంటాయి. వాటి మధ్య చట్రం ఉండదు. దుంగ ఒక కొస దీనిమీద, రెండో కొస దానిమీద పడుకుంటుంది, దుంగే చట్రం. ప్రతి ట్రక్కు మీదా బోల్‌స్టర్ అనే అడ్డదూలం మధ్య పిన్ను మీద అటూ ఇటూ తిరుగుతుంది. వంపులో ట్రక్కు పట్టాల వెంట తిరుగుతుంది, పైనున్న దుంగ తన మానాన తాను తిన్నగా ఉంటుంది. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు ఆ పెరట్లో లేడని నా నమ్మకం.

నాలుగు జతల ట్రక్కులు చేశాను. చట్రాలకు వడ్రంగి పారేసిన టేకు ముక్కలు, బ్రేకు కడ్డీలకు సైకిలు పుల్లలు, స్ప్రింగులకు బాల్‌పెన్నులు. చక్రాలు మహదేవపురలో ఒక లేతు షాపులో ఇత్తడివి తీయించాను. ఆ లేతు ఆయన నన్ను చూస్తేనే టీ తాగడానికి వెళ్లిపోయే స్థితి వచ్చింది, ఎందుకంటే అర మిల్లీమీటరు తేడాకు పదకొండు చక్రాలు వెనక్కిచ్చాను. దుంగలు మేడమ్ గారి సిల్వర్ ఓక్ కొమ్మలే. ప్రతి ట్రక్కు పక్కనా నంబరూ, ఖాళీ బరువూ, మళ్లీ ఓవర్‌హాలుకు రావాల్సిన తేదీ తెల్ల రంగుతో రాశాను. బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఫ్లాటు కారిడార్లో ఎనిమిదడుగుల పట్టా పరిచి తోసి చూశాను. అన్నీ ఫిట్.

ఇక పట్టాలు. వాటిని పరిచే పని మేడమ్ అప్పటికే రామాంజప్పకు ఇచ్చారని నాకు మొదటి రోజే తెలిసింది. తెలిసి గతుక్కుమన్నాను. రామాంజప్ప రిటైరైన పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్, పట్టాల శాఖ మనిషి. తాతల కాలం నుంచీ బెంగళూరే. అతనికీ నాకూ ఒక పాత కేసు ఉంది.

రైల్వేలో బండి పట్టాలు తప్పితే అన్ని శాఖల సూపర్‌వైజర్లూ అక్కడికి చేరి, ఏదీ కదపకుండా, చక్రాలూ పట్టాలూ కలిసి కొలిచి, బాధ్యత ఫలానా శాఖది అని ఒక కాగితం మీద సంతకాలు పెట్టాలి. దాన్ని జాయింట్ నోటు అంటాం. పేరుకే జాయింటు. వ్యాగన్ వాడు పట్టాలంటాడు, పట్టాల వాడు వ్యాగనంటాడు, ఇద్దరూ కలిసి స్టేషన్ మాస్టరంటారు. ఈ విద్యలో నేను ఆరితేరినవాణ్ని. నా సర్వీసు మొత్తంలో ఒక్క డీరైల్‌మెంటు కూడా నా శాఖ నెత్తిన పడలేదు. చాలా ఏళ్ల కిందట ఒక గూడ్స్ యార్డులో వానలో వ్యాగన్ దిగిపోతే, నా నోటు దెబ్బకు రామాంజప్ప ప్రమోషన్ ఏడాది వెనక్కి పోయింది. ఇప్పుడు అదే మనిషి కరివేపాకు చెట్టు పక్కన చతికిలబడి, స్పిరిట్ లెవెల్ పెట్టి వంపు సరిచేస్తున్నాడు. ఇద్దరం పాత కేసు ఊసెత్తకుండా రెండు నెలలు చాలా మర్యాదగా పనిచేశాం.

ట్రయల్ రన్ బ్రహ్మాండంగా జరిగింది. నాలుగు జతలూ దుంగలతో సహా తోటంతా ఆరు చుట్లు తిరిగాయి. అయితే దుంగలను కట్టే గొలుసులు ఇంకా రాలేదు. లోడు కట్టకుండా బండి వదిలిన పాపం నేనెప్పుడూ చేయలేదు. ప్రార్థన కూటానికి ముందు రోజు ఇమిటేషన్ నగల షాపులో సన్న గొలుసులు కొని, ప్రతి దుంగనూ ట్రక్కు నాలుగు మూలలకూ లాగి, పట్టకారుతో బిగించాను. గోటితో కదిపినా కదలలేదు. రూలు ప్రకారం లోడు కదలకూడదు. ఫిట్ చీటీ అంటించి హాయిగా నిద్రపోయాను.

ఆదివారం చర్చి అయ్యాక ముప్ఫై మంది దాకా వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేసి, బండికి దీవెన పలికి, ఆకుపచ్చ జెండా ఊపారు. బండి తిన్నటి దారిలో దర్జాగా వెళ్లింది. కరివేపాకు చెట్టు వంపు దగ్గర మొదటి జత పట్టా దిగింది, రెండోది దాన్ని ఎక్కింది, మిగతావి కొత్తిమీర మడిలో పొర్లాయి. ఎవరో తీయబోతే నేను రెండు చేతులూ చాపి అడ్డుపడ్డాను. జాయింటు కొలతలు అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదని చెప్పాను. ఆశ్చర్యమేమంటే రామాంజప్ప కూడా అదే మాట అన్నాడు. రెండు నెలల్లో మేం ఏకీభవించింది అదొక్కటే.

అతను పట్టాల ఎడం కొలిచే గేజి తీశాడు, నేను చక్రాలు కొలిచే వెర్నియర్ తీశాను. లోపల బిర్యానీ చల్లారుతోంది. నా చక్రాలు సరిగ్గా ఉన్నాయి. అతని పట్టాలూ సరిగ్గా ఉన్నాయి. ఇద్దరికీ చాలా బాధేసింది. జెండా ఊపారు కాబట్టి పాస్టరుగారు స్టేషన్ మాస్టరు లెక్కన ట్రాఫిక్ శాఖ కింద వస్తారన్నాను. ఆయన మంచి మనిషి. తప్పు తనదేనని రాసేయమనీ, అందరూ భోజనానికి లేవొచ్చనీ అన్నారు. రామాంజప్ప ఒప్పుకోలేదు. ఆయనకు పరీక్ష పాసైన సర్టిఫికెట్ లేదు కాబట్టి బాధ్యత తీసుకునే అర్హత లేదన్నాడు. రూలు అదే.

ఇంకో పావుగంటకు మేడమ్ వచ్చారు. మమ్మల్ని పక్కకు జరగమని, వంగి ఒక ట్రక్కు చేతిలోకి తీసుకుని దుంగను తిప్పబోయారు. అది తిరగలేదు.

“ఈ కట్టు ఎవరు కట్టారండీ?” అని అడిగారు.

నేనే అన్నాను.

“ఇంత బిగించి కడితే కాలు నల్లబడిపోద్ది మూర్తిగారూ. తిరగాల్సిన కీలు తిరగొద్దా?”

అప్పుడు అర్థమైంది. గొలుసును దుంగతో పాటు తిరిగే బోల్‌స్టర్‌కు కట్టాలి. నేను కింది చట్రానికి కట్టాను. దాంతో పిన్ను ఉన్నా లేనట్టే అయింది, బండి మొత్తం ఒకే కర్ర. తిన్నగా పోతుందే తప్ప వంపు తిరగదు. ఆమె కుట్టుమిషన్ మీది కత్తెర తెప్పించి గొలుసులన్నీ కత్తిరించి, బండిని తన చేత్తోనే పట్టాలెక్కించి నడిపించారు. వంపులో దుంగల కింద ట్రక్కులు తీరిగ్గా తిరిగాయి. అందరూ చప్పట్లు కొట్టి బిర్యానీకి వెళ్లిపోయారు.

రామాంజప్ప, నేను, నోటు మిగిలాం. ‘బాధ్యత’ అన్నచోట ఖాళీ. అతను పెన్ను నా వైపు చాపాడు. దారి లేకపోలేదు. సాక్ష్యాన్ని ముట్టుకుని చెడగొట్టారు, కాబట్టి విచారణ చెల్లదని రాయవచ్చు. ఆ వాక్యం సర్వీసులో రెండుసార్లు రాసి గెలిచాను కూడా. కానీ ఎదురుగా ఉన్నది రామాంజప్ప. సిగ్గేసింది. ‘క్యారేజ్ అండ్ వ్యాగన్’ అని రాసి సంతకం పెట్టాను. ముప్ఫై నాలుగేళ్ల రికార్డు కొత్తిమీర మడిలో కలిసిపోయింది.

ఎటూ పోయింది కదా అని పాత కేసు సంగతీ చెప్పేశాను. ఆ రోజు యార్డులో నాలుగో చక్రం నేను కొలవలేదనీ, వానకు విసుగొచ్చి మూడో చక్రం కొలతనే దానికీ వేశాననీ అన్నాను.

“తెలుసప్పా,” అన్నాడు రామాంజప్ప. “మూడు చక్రాల కాడ బురదలో నీ మోకాలి గుర్తు ఉండె. నాలుగోదాని కాడ లేకపాయె.”

అంత తెలిసీ అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. ప్రమోషన్ పోగొట్టుకుంటూ ఎందుకు ఊరుకున్నావన్నాను.

“చెప్తే మళ్లా అన్నీ కొలుస్తారు కదప్పా. నా పట్టాలు కూడా కొలుస్తారు,” అన్నాడు. “నేను ఆ పొద్దు కొలిచేదానికి అసలు వంగనే లేదు.”

తరవాత ఇద్దరం లోపలికి వెళ్లి చల్లారిన బిర్యానీ తిన్నాం.

ఆ డ్యూటీలో నేను నేర్చుకున్నవి రెండు. తిరగాల్సినదాన్ని కట్టేయకూడదు. కొలవని చోట అంకె వేయకూడదు. మొదటిది ఒక నర్సు చెబితే తెలిసింది. రెండోది మా రూలు పుస్తకంలోనే ఉంది; దానిమీద పరీక్ష రాసి ఇద్దరం ఫస్టు క్లాసులో పాసయ్యాం.