ఆడిటర్‌ని వెతుక్కున్న వేసవి

బెంజ్ సర్కిల్ దగ్గర సందులో నాకు బ్లౌజులు కుట్టే షాపుంది. మగ్గం వర్కూ చేయిస్తాను. మొదట్నుంచీ నా ఇన్‌కమ్‌టాక్స్ రిటర్ను మా వారి స్నేహితుడు వేసేవారు. ఆయనకు వైజాగ్ బదిలీ అయింది. అదే వేసవిలో గన్నవరంలో రెండో షాపు పెడదామని లోను అడిగితే, ఈ ఏడాది రిటర్ను వేసి తీసుకురమ్మన్నారు బ్యాంకువాళ్లు. దాంతో కొత్త ఆడిటర్‌ని వెతుక్కోవలసి వచ్చింది.

మొదట ఒక పెద్ద ఆఫీసుకు మా వారితో కలిసి వెళ్లాను. ఆయన ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగి. ఆ ఆఫీసులో ఆడిటర్ నావైపు చూడనైనా చూడకుండా, "చెప్పండి సార్, మీ బిజినెస్ ఏంటి?" అన్నాడు.

"నాది కాదండీ, మా ఆవిడది," అన్నారు మా వారు.

"అదేలెండి. చూసుకునేది మీరేగా?"

ఆ తర్వాత కూడా ప్రతి ప్రశ్నా ఆయన్నే అడిగాడు. ప్రతిదానికీ జవాబు నేనే చెప్పాను. బయటికొచ్చాక మా వారే, "ఇక్కడొద్దులే," అన్నారు.

రెండో ఆడిటర్ గురించి మా పక్క షాపావిడ చెప్పింది. చాలా మర్యాదగా మాట్లాడాడు. పన్ను దాదాపు లేకుండా చేస్తానన్నాడు. మా అత్తగారికి అద్దె కడుతున్నట్టు, ఎవరికో విరాళం ఇచ్చినట్టు చూపిస్తాడట. "అందరూ చేసేదేనండీ మేడమ్. ఇన్‌కమ్‌టాక్స్ సైటు పాస్‌వర్డ్ ఇచ్చేయండి. అందులో నా ఫోన్ నంబరే పెట్టేస్తాను, మెసేజ్‌లు వచ్చినా మీకు ఇబ్బంది ఉండదు."

"నా పేరు మీద వచ్చే మెసేజ్ నాకే రావాలి కదండీ," అన్నాను. నవ్వాడు. నేను లేచి వచ్చేశాను.

మూడో ఆవిడ గురించి మా మగ్గం మాస్టారు చెప్పాడు. వన్‌టౌన్‌లో వాళ్ల వీధిలోనే ఉంటారట. బట్టల కొట్టు మేడ మీద చిన్న గది, నా వయసే ఉన్న ముస్లిం ఆవిడ. ఈసారి ఒక్కదాన్నే వెళ్లాను. పన్ను మాట తర్వాత, ముందు షాపు గురించి చెప్పమన్నారు. మగ్గం పనివాళ్లకు డబ్బు ఎలా ఇస్తున్నానో, ఇంటి సరుకులు కూడా షాపు అకౌంటులోంచే కొంటున్నానా అని అడిగారు. కొంటున్నానని చెప్పాను.

"మూఢాల్లో పెళ్లిళ్లుండవు కదండీ, ఆ నెలల్లో ఎలా నెట్టుకొస్తారు?"

ఆ మాట అంతవరకూ నన్నెవరూ అడగలేదు. చెప్పడం మొదలుపెడితే చాలాసేపే చెప్పాను.

చివరికి, పన్ను తగ్గాలి, లోనూ రావాలి అన్నాను.

"పన్ను తగ్గాలంటే ఆదాయం తక్కువ కనపడాలి, లోను రావాలంటే ఎక్కువ కనపడాలి. రెండూ ఒకే రిటర్నులో కావాలంటే నా వల్ల కాదండీ. ఉన్నది ఉన్నట్టు వేద్దాం. నిరుటికంటే పన్ను ఎక్కువే పడుతుంది, ముందే చెప్తున్నా."

నాకు కోపమొచ్చింది. ఆడిటర్‌కి డబ్బిచ్చి మరీ ఎక్కువ పన్ను కట్టడమేమిటని ఇంటికెళ్లి మా వారి మీద విసుక్కున్నాను. "షాపు నీది, నువ్వే తేల్చుకో," అన్నారాయన. కోపం తగ్గాక ఆలోచిస్తే, ముగ్గురిలో నా షాపు ఎలా నడుస్తుందో తెలుసుకున్నది ఆవిడొక్కరే అనిపించింది. మర్నాడు కాగితాలు పట్టుకెళ్లి ఇచ్చాను.

ఆవిడ అన్నట్టే పన్ను ఎక్కువ పడింది. కట్టాను. లోను వచ్చింది గానీ, అడిగినంత ఇవ్వలేదు. అనుకున్న పెద్ద గది వదిలేసి గన్నవరంలో ఒక్క షట్టరున్న గది తీసుకున్నాను. ఏసీ మానుకుని ఆ డబ్బుతో కుట్టు మిషన్లు కొన్నాను. ఇప్పుడు షాపుకు వేరే అకౌంటు, ఇంటికి వేరే అకౌంటు. అది అలవాటవడానికే ఏడాది పట్టింది.

మా పక్క షాపావిడ ఈమధ్య వచ్చి, "మీ ఆడిటర్ దగ్గరికి నన్నూ తీసుకెళ్లండి," అంది. తీసుకెళ్లాను. ఆవిడకు మా ఆడిటర్ నచ్చలేదు. "మరీ అన్ని ప్రశ్నలేంటండీ!" అని దారంతా సణుగుతూనే ఉంది.